పక్కపక్క ఇళ్ల వైఫై: ఉమ్మడి తరంగాల వాడకంలో వంతులు, హద్దులు

ముంబయిలోని వర్లీ, నాయిగావ్, శివ్‌డీ, లోయర్ పరేల్ ప్రాంతాలలో 1920ల్లో కట్టిన బి.డి.డి. చాళ్లలో ఒక్కొక్క కట్టడానికి సుమారు 80 గదులు. ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు. మిల్లుల కాలంలో ఈ నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ కొలత వేరుగా చెప్పనక్కరలేదు. కొన్నిచోట్ల ఆ పాత కట్టడాల స్థానంలో ఇప్పుడు బహుళ అంతస్తుల భవనాలు లేస్తున్నా, గోడకు గోడ ఆనుకొని కాపురముండే తీరు నగరంలో ఎక్కువ భాగం అలాగే ఉన్నది. అటువంటి ఒక కట్టడంలో సగం ఇళ్లకే ఇంటర్నెట్ ఉన్నదనుకొన్నా నలభై రౌటర్లు. ఇంటికి రెండు ఫోన్లు, ఒక టీవీ, చెవిలో పెట్టుకొనే ఇయర్‌ఫోన్లు అని తక్కువలో తక్కువ లెక్క వేసినా మరో నూట అరవై పరికరాలు. ఇవన్నీ రేడియోలే. వెనుకటి రేడియో పెట్టె వినడం మాత్రమే ఎరుగును. ఇవి వింటాయి, పలుకుతాయి కూడా.

రాత్రి ఎనిమిది దాటి, పనుల నుంచి అందరూ ఇల్లు చేరిన తరువాత, ఈ రెండు వందల గొంతులు ఒకేసారి లేస్తాయి. బిల్లులో 100 ఎంబీపీఎస్ అని ఉంటుంది. పిల్లవాడి ఆన్‌లైన్ పాఠం మాత్రం నిమిషానికొకసారి ఆగిపోతుంది. కనెక్షన్ ఇచ్చిన కేబుల్ అతణ్ని నిందించడం మొదటి అడుగు. పక్కింటివారు వైఫై దొంగిలిస్తున్నారని అనుమానించడం రెండోది. ఎవరో చెప్పారని బజారుకు పోయి ‘బూస్టర్’ కొని తేవడం మూడోది. మొదటిది ఒక్కోసారి నిజమే కావచ్చు. రెండోది చాలావరకు అపోహ. మూడో దానివల్ల డబ్బు పోవడమే కాక, ఏ పరికరం కొన్నారన్నదాన్ని బట్టి, చట్టం చేతికి చిక్కే ప్రమాదమూ ఉన్నది.

ఇంతకూ ఇంట్లోని గాలిలో తిరిగే ఈ తరంగాలు ఎవరి సొత్తు? భారతదేశంలో రేడియో తరంగాలు ప్రభుత్వ అధీనంలోనివి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఆ అధికారానికి చాలాకాలం ఆధారంగా నిలిచాయి. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం వాటి స్థానాన్ని దశలవారీగా తీసుకొంటున్నది. ఎవరు ఏ పౌనఃపున్యంలో పలకాలో నిర్ణయించే పని టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగానిది. మొబైల్ కంపెనీలు వేలంలో వేల కోట్ల రూపాయలు పోసి కొనుక్కొనేది ఇటువంటి హక్కునే. తమ వాటాలో వేరెవరూ నోరెత్తకూడదన్నది వారు కొన్న సౌకర్యం.

ఇంటి వైఫై కోసం మాత్రం ఎవరూ వేలంలో పాడలేదు, లైసెన్సుకు దరఖాస్తు పెట్టలేదు. ఇందుకు కారణం 2005 జనవరిలో కేంద్రం ప్రకటించిన నియమాలు. 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో తక్కువ శక్తి పరికరాలను లైసెన్సు లేకుండానే వాడుకోవచ్చని అవి చెప్పాయి. ప్రసారిణి శక్తి గరిష్ఠంగా 1 వాట్. యాంటెన్నా ఒక దిక్కుకు కూడగట్టే బలాన్ని కలుపుకొన్నా 4 వాట్లు మించరాదు. ఈ పట్టీనే వాడుకలో 2.4 గిగాహెర్ట్జ్ అంటారు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మరింత విశాలమైన చోటు ఇదే పద్ధతిన తెరుచుకొన్నది.

లైసెన్సు అక్కరలేదన్న మాట అందరూ విన్నదే. దాని పక్కనే ఉన్న షరతు మాత్రం పెద్దగా ఎవరి చెవినా పడలేదు. ఈ పట్టీలో ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. ఇతరులకు ఆటంకం కలిగించరాదు. ఇతరులవల్ల తనకు ఆటంకం కలిగితే రక్షణ కోరరాదు. అంటే, పక్కింటి రౌటర్ నియమాలకు లోబడి పనిచేస్తున్నంతవరకు, దానివల్ల మన ఇంట్లో వేగం తగ్గిందని ఏ కార్యాలయంలోనూ ఫిర్యాదు నిలవదు. లైసెన్సు రుసుము లేకపోవడానికి పౌరుడు చెల్లించే మూల్యం ఇదే. దీన్ని గ్రహించకనే చాలా ఇళ్ల మధ్య మాటలు పెరుగుతాయి.

ఈ పట్టీయే ఎందుకన్నదానికి చిన్న చరిత్ర ఉంది. 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశం, సమాచార ప్రసారంతో సంబంధం లేని వేడిచేసే యంత్రాల వంటివాటికి కొన్ని పౌనఃపున్యాలను కేటాయించింది. 2.4 గిగాహెర్ట్జ్ అలా వచ్చినదే. నేటికీ మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది అక్కడే. ఎటూ రొద నిండిన ఆ చోటులో, ఆ రొదను తట్టుకోగల పరికరాలను లైసెన్సు లేకుండా అనుమతించవచ్చని 1985లో అమెరికా నియంత్రణ సంస్థ తీర్పు చెప్పింది. తరువాత కొన్ని ఏళ్లకు వైఫై, బ్లూటూత్ రెండూ ఆ తలుపులోనుంచే లోపలికి వచ్చాయి. ఎవరికీ అక్కరలేని పుంత చివరకు ఊరికి రాచబాట అయింది.

లైసెన్సు ఉన్న తరంగాలకు, లేని తరంగాలకు తేడా పాలమూరు, కరీంనగర్ పల్లెల నుంచి వచ్చిన పెద్దలకు తేలికగా అర్థమవుతుంది. చెరువు కింది సాగులో తూము దగ్గర నీరటికాడు ఉంటాడు. ఏ మడికి ఎంతసేపు నీరు వదలాలో, ఎవరి వంతు ఎప్పుడో అతడే చూస్తాడు. మొబైల్ టవరు అటువంటి నీరటికాడే. తన పరిధిలోని ప్రతి ఫోనుకూ ‘నీవు ఈ క్షణాన, ఈ పౌనఃపున్యంలో పలుకు’ అని వంతు వేస్తుంది. నలభై ఇళ్ల నలభై రౌటర్ల మధ్య అటువంటి నీరటికాడు లేడు. ఒక ఇంటి రౌటరు మాట పక్కింటి ఫోను వినదు. తూము దగ్గర ఎవరూ లేకుండా నీరు ఎలా పంచుకోవాలన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

దానికి తొలి జవాబు హవాయి దీవుల నుంచి వచ్చింది. దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలపడానికి హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహా అనే వ్యవస్థను నడిపింది. దాని పద్ధతి అతి సరళం: చెప్పవలసినది ఉంటే చెప్పేయడం, ఇద్దరి మాటలు ఢీకొని చెడిపోతే, ఒక్కొక్కరు తమకు తోచినంత సేపు ఆగి తిరిగి చెప్పడం. లెక్క కట్టి చూస్తే ఈ పద్ధతిలో ఎంత ప్రయత్నించినా మొత్తం కాలంలో 18 శాతానికి మించి పనికివచ్చే మాట సాగదు. మిగిలినదంతా ఢీకొట్టుకోవడానికో, ఖాళీగా పోవడానికో సరి. అయినా పెత్తనం చేసేవాడు లేకుండానే ఒక ఉమ్మడి మార్గాన్ని నడపవచ్చని లోకానికి తెలిసింది.

వైఫై ఆ పద్ధతికి ఒక మర్యాదను చేర్చింది: పలికే ముందు వినడం. ఏ రౌటరైనా, ఫోనైనా ముందుగా ఆ ఛానల్‌లో వేరెవరైనా పలుకుతున్నారేమో చూస్తుంది. పలుకుతుంటే ఆగుతుంది. నిశ్శబ్దం ఏర్పడగానే దూకదు. అలా దూకితే ఎదురుచూస్తున్న వారందరూ ఒక్కసారే దూకుతారు. అందుకని ప్రతి పరికరమూ తనలో తాను ఒక చీటీ తీసుకొంటుంది, సాధారణంగా 0 నుంచి 15 లోపు ఏదో ఒక అంకె. ఆ అంకెను ఒక్కొక్కటిగా తగ్గించుకొంటూ వస్తుంది. ఇప్పటి పరికరాలలో ఒక్కో మెట్టు సెకనులో పది లక్షల వంతులు తొమ్మిది. ఎవరి లెక్క ముందు సున్నాకు చేరితే వారి వంతు. ఇద్దరికీ ఒకే అంకె పడి మాటలు ఢీకొంటే, మరుసటిసారి చీటీల పెట్టె రెండింతలవుతుంది: 31, తరువాత 63, అలా 1023 వరకు. రద్దీ పెరిగేకొద్దీ ప్రతివారూ తమంతట తామే ఎక్కువ ఓపిక పట్టేలా చేసిన ఏర్పాటు ఇది. రాత్రి ఎనిమిదికి పాఠం ఆగిపోవడమంటే తరచుగా జరుగుతున్నది ఇదే. ఎవరూ దేన్నీ దొంగిలించడం లేదు; ఇంటి రౌటర్ వరుసలో నిలబడి ఉన్నది.

ఈ మర్యాదకు మూడు లోపాలున్నాయి. మన ఇళ్లలో బాధంతా ఈ మూడింటినుంచే వస్తుంది గనుక వీటిని కొంచెం నిదానంగా చూడాలి.

మొదటిది, వినపడని పొరుగువాడు. నడవాకు ఈ కొసన ఒక ఫోను, ఆ కొసన ఒక ఫోను, నడుమ ఒక రౌటర్ ఉన్నాయనుకోవాలి. రౌటర్‌కు రెండూ వినిపిస్తాయి. కాని ఆ ఫోన్లకు ఒకదాని మాట ఒకటికి వినపడదు. మధ్య గోడలు, ఇనుప బీరువాలు, నీళ్ల ట్యాంకు. రెండూ నిశ్శబ్దమే అనుకొని ఒకేసారి పలుకుతాయి, రౌటర్ దగ్గర రెండు మాటలూ చెడిపోతాయి. ‘మాట్లాడవచ్చునా’ అని ముందు చిన్న అనుమతి అడిగి, రౌటర్ సరేనన్న తరువాతే పలికే ఉపాయం వైఫైలో ఉన్నది. అది ఒకే రౌటర్ కింది ఫోన్లకు బాగా పనిచేస్తుంది. నలభై ఇళ్ల సందడిలో కొంతమేరకే.

రెండోది, నిదానంగా మాట్లాడేవాడు. వైఫైలో సిగ్నల్ బలహీనమైతే పరికరం తన వేగాన్ని తగ్గించుకొని, అదే సమాచారాన్ని నెమ్మదిగా, స్పష్టంగా చెబుతుంది. వంతు అందరికీ సమానమే. కాని ఒక్కో వంతుకు పట్టే సమయం సమానం కాదు. సన్నని ధార వచ్చే నల్లా కింద పెద్ద బిందె పెట్టినట్టు, దూరపు గదిలోని పాత ఫోను తన వంతులో ఎక్కువసేపు గాలిని పట్టుకొని ఉంటుంది. వెనుక ఉన్న వేగవంతమైన ఫోన్లన్నీ ఆగవలసిందే. కాబట్టి రౌటర్‌ను తలుపు పక్కన, స్విచ్చుబోర్డు మీద, ఇనుప అల్మరా వెనుక దాచక గది నడుమ, ఎత్తున పెట్టుకొంటే లాభపడేది ఆ ఇల్లు ఒక్కటే కాదు. తన మాట త్వరగా ముగించుకొనే ప్రతి పరికరమూ పక్కింటికి సమయం మిగులుస్తుంది.

మూడోది, అర్థంకాని భాష. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. మన దేశంలో అందులో 1 నుంచి 13 వరకు వైఫై ఛానళ్లు లెక్కకు ఉన్నాయి. కాని వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే; ఒక్కో వైఫై ప్రసారానికి కావలసిన వెడల్పు దాదాపు 20. అందుచేత ఒకదానిపై ఒకటి పడకుండా ఇమిడేవి మూడే: 1, 6, 11. వీటిలో రద్దీ చూసి, ‘నడుమ ఖాళీగా ఉన్నది కదా’ అని 3 లేదా 4కు మారేవారున్నారు. అది తెలివైన పనిలా కనిపిస్తుంది గాని ఇరుపక్షాలకూ నష్టం. ఒకే ఛానల్‌లో ఉన్న రెండు వైఫైలు ఒకదాని మాటను ఒకటి గుర్తుపట్టి, అతి మెల్లని స్వరానికి సైతం ఆగుతాయి. సగం మీద పడిన ఛానల్‌లోని మాట మాటగా వినపడదు, ఉత్త రొదగా వినపడుతుంది. రొదకు ఆగాలంటే అది దాదాపు వంద రెట్లు బలంగా ఉండాలన్నది వైఫై ప్రమాణంలోని కొలత. అంతకంటె మెల్లని రొద మీద పరికరం ధైర్యంగా పలికేస్తుంది. రెండిళ్ల మాటలూ పాడవుతాయి. ఒకే ఛానల్‌లో పది ఇళ్లు వరుసలో నిలబడడం, వరుస తప్పి ఇద్దరు తోసుకోవడంకంటె మేలు.

ఇదే కారణంచేత 2.4లో ఛానల్ వెడల్పును 40 మెగాహెర్ట్జ్‌కు పెంచడం కిక్కిరిసిన కట్టడంలో పొరుగుకు అన్యాయమే. రౌటర్ సెట్టింగులలో దాన్ని 20కి కట్టివేయాలి. ఒకే రౌటర్ నుంచి రెండు మూడు పేర్లతో నెట్‌వర్కులు నడపడం కూడా మానదగినదే. ఎవరూ వాడకపోయినా ప్రతి పేరూ ‘నేనిక్కడ ఉన్నాను’ అని సెకనుకు దాదాపు పది సార్లు, చాలా రౌటర్లలో అతి నిదానమైన వేగంతో, చాటుతూనే ఉంటుంది. నలభై రౌటర్లు, ఎనభై పేర్లు అయితే ఆ చాటింపులకే గాలి ఎంత ఖర్చవుతుందో ఊహించవచ్చు.

బ్లూటూత్ దారి వేరు. ఇయర్‌ఫోను, చేతి గడియారం, వినికిడి యంత్రం, చక్కెర కొలిచే పరికరం ఫోనుతో నేరుగా మాట్లాడుకొనేది దీనితోనే. నడుమ రౌటర్ లేదు. సంప్రదాయ బ్లూటూత్ అదే 2.4 పట్టీని 79 చిన్న ఛానళ్లుగా విడగొట్టి, సెకనుకు 1,600 సార్లు ఒకదాని నుంచి మరొకదానికి గెంతుతూ ఉంటుంది. ఏ ఒక్క చోటా నిలవదు గనుక ఎక్కడైనా ఢీకొంటే నష్టం క్షణమాత్రం. 2003 తరువాతి పరికరాలు మరో మెట్టు ఎక్కాయి: ఏ చోట్ల వైఫై ఎక్కువగా పలుకుతున్నదో గుర్తుపెట్టుకొని ఆ చోట్లను తప్పించి గెంతుతాయి. ఆ తరువాత వచ్చిన తక్కువ విద్యుత్తు రకం బ్లూటూత్‌లో, పరికరాలు తమ ఉనికిని చాటుకొనే మూడు ఛానళ్లను 1, 6, 11 వైఫై ఛానళ్లకు పక్కగా, వాటి సందులలో పెట్టారు. ఇందులో గమనింపదగినది ఉన్నది. మన రౌటర్లన్నీ 1, 6, 11లలోనే ఉంటే ఆ సందులు ఖాళీగా ఉంటాయి. 3, 4, 8 అని చెల్లాచెదురైతే ఒక పెద్దావిడ చెవిలోని వినికిడి యంత్రానికి ఊపిరాడే చోటు తగ్గుతుంది.

రెండు పరికరాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకొనే పద్ధతి వైఫైలోనూ ఉన్నది. ఒకే గదిలోని రెండు ఫోన్ల మధ్య పెళ్లి వీడియో పంపుకోవాలంటే దాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించి దించుకోవడం చాలామంది అలవాటు. అలా చేస్తే అదే సమాచారం ఫోను నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి రెండో ఫోనుకు మరొకసారి, రెండు సార్లు గాలిలో ప్రయాణిస్తుంది. ఫోన్లలో ఉండే దగ్గరి పంపిణీ సౌకర్యంతో నేరుగా పంపితే ఒక్కసారితో సరిపోతుంది. డేటా ఖర్చూ ఉండదు. ఇదే లెక్క వైఫై ఎక్స్‌టెండర్‌కు తిరగబడుతుంది. మూల గదికి సిగ్నల్ అందించేందుకు పెట్టే ఆ చిన్న డబ్బా చట్టబద్ధమైనదే, కాని చవక రకాలు విన్న ప్రతి మాటనూ అదే ఛానల్‌లో మళ్లీ పలుకుతాయి. ఒకటి రెండు గదుల ఇంటికి అది అనవసరం. కదలని టీవీకి, కంప్యూటర్‌కు పది మీటర్ల తీగ లాగితే అంతకన్న ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. గాలిలో బరువు తగ్గించే మార్గాలలో తీగను మించినది లేదు.

కొత్త ఫోన్లూ రౌటర్లూ 5 గిగాహెర్ట్జ్‌లో కూడా పనిచేస్తాయి. ఆ తరంగాలు గోడలను అంత తేలికగా దాటవని కొందరు దాన్ని లోపంగా చెబుతారు. గోడకు గోడ ఆనుకొన్న ఇళ్లలో అదే పెద్ద గుణం. మన మాట మన గదిలోనే ఎక్కువగా ఆగిపోతే పొరుగువాడు ఆగవలసిన పని తగ్గుతుంది. పైగా అక్కడ ఛానళ్లు చాలా ఎక్కువ. వాటిలో కొన్ని రేడార్లు వాడే పౌనఃపున్యాలు. రేడారు వినిపిస్తే రౌటర్ తానే ఛానల్ ఖాళీచేసి వేరే చోటికి పోయే ఏర్పాటు వాటికి ఉంటుంది. ఎప్పుడైనా వైఫై ఒక నిమిషం మాయమై తిరిగి వస్తే అదొక కారణం కావచ్చు. ఇంట్లో పరికరం రెండు పట్టీలనూ అందుకోగలిగితే ఫోన్లు, టీవీ 5లో పెట్టి, 2.4ను బల్బులు, కెమెరాలు, పాత ఫోన్ల వంటి వాటికి వదలడం సరైన పంపకం.

శక్తి పెంచితే చాలునన్న భ్రమ గట్టిది. ఇంటి రౌటర్ సాధారణంగా పదో వంతు వాట్ పరిసరాలలో పలుకుతుంది. దాన్ని పెంచితే రౌటర్ మాట దూరంగా వినపడుతుంది, నిజమే. ఫోను జవాబు మాత్రం పెరగదు. దాని బ్యాటరీ, దాని యాంటెన్నా అవే. తెరపై గీతలు నిండుగా కనిపిస్తాయి, పని మాత్రం సాగదు. ఆ గట్టి గొంతుకు పక్కనున్న ఇరవై ఇళ్లు అదనంగా ఆగుతాయి, వారిలో ఒకరు తమ గొంతూ పెంచుతారు. కట్టడమంతా గొంతు తగ్గించుకొంటేనే అందరికీ వేగం పెరుగుతుంది. ఇది ఒక ఇల్లు ఒంటరిగా చేయగలిగినది కాదు. సొసైటీ సమావేశంలో నీటి మోటారు, మెట్ల దీపాల వరుసలో చేర్చదగిన విషయం. అంతస్తుకు ఒకరు ఫోనులో ఉచితంగా దొరికే వైఫై పరిశీలన యాప్‌తో ఏ ఛానల్‌లో ఎందరున్నారో చూసి, 1, 6, 11లను ఇళ్ల వరుస ప్రకారం పంచుకొంటే ఒక్క సాయంత్రం పని.

ఇప్పుడు బూస్టర్ సంగతి. బజారులో ఒకే పేరుతో అమ్మే రెండు వస్తువులు వేర్వేరు. పైన చెప్పిన వైఫై ఎక్స్‌టెండర్ ఒకటి. రెండోది మొబైల్ సిగ్నల్ బూస్టర్ లేదా రిపీటర్: మిద్దె మీద ఒక యాంటెన్నా, ఇంట్లో ఒక యాంటెన్నా, నడుమ ఒక పెట్టె. ఇది లైసెన్సు లేని పట్టీలో కాక, మొబైల్ కంపెనీల పట్టీలలో పలుకుతుంది. లైసెన్సు ఉన్న టెలికాం సంస్థలు తప్ప మరెవరూ దీన్ని కలిగి ఉండడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022లో ప్రజలకు స్పష్టం చేసింది. సిగ్నళ్లను అడ్డుకొనే జామర్ల విషయంలోనూ అంతే. కేంద్రం ప్రత్యేకంగా అనుమతించిన సందర్భాలు తప్ప ప్రైవేటు వ్యక్తులకు, సంస్థలకు అవి నిషిద్ధం. పరీక్షా కేంద్రానికో, ప్రార్థనా మందిరానికో మంచి ఉద్దేశంతో కొన్నామంటే అది సమాధానం కాదు.

నిషేధానికి కారణం కేవలం కాగితం మీది నియమం కాదు. ఈ పెట్టె మంచి మాటనూ రొదనూ తేడా లేకుండా పెంచి టవరు వైపు విసురుతుంది. టవరు ఎంతో సన్నని స్వరాలను విని పనిచేసే యంత్రం. చెవి దగ్గర ఒకరు డప్పు కొడుతుంటే దూరపు గొంతులు దానికి వినపడవు. మిద్దె యాంటెన్నాకు ఇంటి యాంటెన్నా మాట వినిపించేంత దగ్గరగా బిగిస్తే, మైకు స్పీకరుకు దగ్గరైనప్పుడు వచ్చే కీచు వంటిదే పుట్టి ఆగకుండా సాగుతుంది. ఒక ఇంట్లో ఫోను గీతలు నిండితే, ఆ టవరు పరిధి అంచున ఉన్న వీధిలో 112కు, 108కి చేసిన పిలుపు కలవకపోవచ్చు. ఆ పిలుపు చేసినవారికి కారణం ఎప్పటికీ తెలియదు. తనిఖీలో దొరికితే పరికరం పోతుంది, చట్టప్రకారం చర్య ఉంటుంది. కాని అసలు నష్టం అంతకు ముందే జరిగి ఉంటుంది.

ఇంటి లోపల మొబైల్ సిగ్నల్ లేనివారికి న్యాయమైన మార్గాలున్నాయి. ఇంట్లో వైఫై ఉంటే ఫోను సెట్టింగులలో ‘వైఫై కాలింగ్’ ఆన్ చేసుకోవచ్చు. ఆ సౌకర్యం ఉన్న ఫోనులో సాధారణ నంబరు నుంచే మాట వైఫై మీదుగా సాగుతుంది. ఇలా చేసినప్పుడు ఆ సంభాషణ లైసెన్సు పట్టీ నుంచి మన ఉమ్మడి పట్టీకి దిగుతుందని మాత్రం గుర్తుండాలి. పైన చెప్పిన ఛానళ్ల సర్దుబాటుకు విలువ పెరిగేది అందుకే.

వాకీటాకీలదీ ఇటువంటి చిక్కే. వినాయక ఉత్సవ మండళ్లకు, వంటల కాంట్రాక్టర్లకు, కాపలా పనివారికి అవి అక్కరకు వస్తాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి చేతి సెట్లకు 2018 నుంచి లైసెన్సు అక్కరలేదు. ఆ రెండు వందల కిలోహెర్ట్జ్ దాటితే అదే ఆకారంలోని సెట్టుకు లైసెన్సు కావాలి. పక్క పౌనఃపున్యాలలో భద్రతా దళాలు, అత్యవసర సేవలు ఉండవచ్చు. ఈ తేడా చెప్పకుండా ఆన్‌లైన్ దుకాణాలు అమ్ముతున్నాయని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం సెట్టు పనిచేసే పౌనఃపున్యం, లైసెన్సు అవసరమా కాదా అన్నది, పరికరానికి ప్రభుత్వ ఆమోదం ఉన్నదీ లేనిదీ అమ్మకపు పుటలో కనిపించాలి. కనిపించని సెట్టును కొనకూడదు. మండలి పేరుతో ఒకేసారి పది కొనేవారు ఆ వివరాన్ని బిల్లు మీద రాయించుకోవాలి.

మొబైల్ సిగ్నల్ బలహీనంగా ఉన్నదన్న ఫిర్యాదును ముందుగా సొంత కంపెనీకి చేయాలి. ఫోను నుంచి 198కి చేసే పిలుపు ఉచితం. ఇంటి అంతస్తు, గది దిక్కు, ఏ వేళలలో సిగ్నల్ పోతున్నదో చెబితే పని తేలికవుతుంది. ఒకే కట్టడం నుంచి వేర్వేరు ఇళ్లవారు విడివిడిగా ఫిర్యాదు చేస్తే అది ఒక ఫోను లోపం కాదని కంపెనీకి తెలుస్తుంది. ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరును రాసి పెట్టుకోవాలి. గడువులోగా పరిష్కారం కాకుంటే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు, అక్కడ మొదట అడిగేది ఆ నంబరునే.